పనిముట్టునకు బాడుగ

(చిత్తూరునందు విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభలో చదువబడిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యనుగుఱించియు, వివాహవ్యయములనుగుఱించియు, విద్యార్థి వసతిగృహమునుగుఱించియు పెద్దలు ముచ్చటించియున్నారు. మాకు నియమింపబడిన విషయము వానికంటె చిన్నదిగా తోచవచ్చును. కంప్యూటరునందును చేతిఫోనునందును మనము వెలయిచ్చి కొనిన సాఫ్టువేరులు, యాప్‌లు ఒకనాడు హఠాత్తుగా నెలబాడుగకో సంవత్సరపు చందాకో మాఱిపోవుటయే యా విషయము. ఇది పట్టణములందలి యుద్యోగుల చిక్కు గదా, ఉలియు సుత్తియు పట్టు మనకేల యని కొందఱు తలపవచ్చును. అట్లు తలచువారిని మాతోగూడ నొక్కసారి మన పనిశాలలలోనికి రమ్మని కోరుచున్నాము.

మన వృత్తులైదింటను నేడు కంప్యూటరు ప్రవేశించినది. ఏర్పేడు చెంత మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కువారు నేటికిని ఉలిని నమ్ముకొనియే యున్నారు. ఆ విద్య యట్లే వర్ధిల్లవలెనని మా కోరిక. కాని తిరుపతిలోను చిత్తూరులోను పూజగది తలుపు చేయింప వచ్చు గృహస్థుడు, పదిదినములలో కావలెననియు, పొరుగింటివాని తలుపుకంటె తక్కువకు కావలెననియు నడుగుచున్నాడు. అందుచేత మన వడ్రంగి సోదరులు బ్యాంకులో అప్పుచేసి సి.ఎన్.సి. రూటరు యంత్రమును తెచ్చుకొనుచున్నారు. హంసను, తామరను, శంఖచక్రములను ముందుగా తెరమీద ఎత్తుపల్లములతో తీర్చిన పిదప, ఆ లెక్కల ననుసరించి యంత్రము తనంతట తాను టేకుపలకను తొలుచును. స్వర్ణకారులు నగను తెరమీద రూపించి, మైనపు అచ్చు తీయించి, పోత పోయుచున్నారు. ఇనుపపనివారు గేట్లకును కిటికీ కమ్ములకును నమూనాలు గీచి లేసరు యంత్రముచేత కోయించుచున్నారు. యంత్రము మన యప్పుతో వచ్చినది గనుక మన సొత్తు. దానికి దారిచూపు సాఫ్టువేరు మాత్రము మనది కాదట! చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఒక్క యుదాహరణమును విపులముగ చెప్పెదము. కొయ్యమీదను బంగారముమీదను ఉబ్బెత్తు చెక్కడము తీర్చుటకు ఆర్ట్‌క్యామ్ అను సాఫ్టువేరు మన దేశమున విస్తారముగ వాడుకలోనికి వచ్చినది. ఇంగ్లండునందు బర్మింగ్‌హామున గల డెల్‌క్యామ్ కంపెనీవారు దాని నిర్మాతలు. 2014 లో అమెరికాదేశపు ఆటోడెస్క్ కంపెనీవారు డెల్‌క్యామును కొనిరి. 2018 లో ఆర్ట్‌క్యామ్ విక్రయమును నిలిపివేసిరి. ఆ మఱుసటి యేడు కార్వెకో అను వేఱొక కంపెనీ ఆ మూలమునే గైకొని, క్రొత్తపేరుతో, నెలచందా పద్ధతినిగూడ ప్రవేశపెట్టి, మరల బజారునకు తెచ్చినది. ఈ మూడు మాఱుపాటులలో ఒక్కదానికిని మన చిత్తూరు వడ్రంగి యనుమతి నెవరును అడుగలేదు. అతడు నేర్చిన విద్యయంతయు ఆ యొక్క పనిముట్టుమీద నేర్చినది. అతడు గీచిన తలుపుల నమూనాలన్నియు ఆ పనిముట్టు చదువగల లిపిలోనే భద్రమైయున్నవి. పాతప్రతి యున్నవాడు దానితో పని సాగించుకొనవచ్చును గదా యని మీరనవచ్చును. సాగించుకొనవచ్చును, ఆ పాత కంప్యూటరు బ్రదికియున్నంతకాలము. అది చెడినచో క్రొత్త కంప్యూటరులో సాఫ్టువేరును నెలకొల్పుటకు కంపెనీవారి తాళము మరల కావలెను. అమ్మకమే మానినవారి గుమ్మమున తాళముకొఱకు నిలువబడుట యెట్లుండునో యూహించుకొనుడు.

ఇండ్లప్లానులు గీయువారి సంగతియు నిట్టిదే. ఆటోక్యాడ్ 1982 లో పుట్టినది. ముప్పదియేండ్లకు పైగా దానిని ఒక్కమాఱు వెలయిచ్చి కొనుటయు, క్రొత్తరూపము వచ్చినప్పుడు ఇష్టమైనచో కొంత సొమ్ము కట్టి మార్చుకొనుటయు ఆచారమై యుండెను. 2016 లో ఆటోడెస్క్ వారు శాశ్వత లైసెన్సుల నమ్ముట మానిరి. అంతకుముందే కొనినవారు తమ ప్రతిని నిలుపుకొని, మరమ్మతు పథకమునకు ఏటేట సొమ్ము కట్టుచుండిరి. ఆ సొమ్మును 2017 లో నూటికి 5, 2018 లో నూటికి 10, 2019 లో నూటికి 20 వంతున హెచ్చించెదమని కంపెనీవారు ప్రకటించిరి. బలవంతమేమియు లేదు. సొంతప్రతిని నిలుపుకొనుటకంటె దానిని వదలుకొని బాడుగకు దిగుటయే చౌక యనిపించునట్లు చేసిరి, అంతే. కొయ్యసామానుల నమూనాలు తీర్చుటకు పనికివచ్చు స్కెచప్ శాశ్వత లైసెన్సుల విక్రయముగూడ 2020 నవంబరుతో ముగిసినది.

ఈ పద్ధతికి మొదటి పెద్దదారి వేసినవారు అడోబ్ కంపెనీవారు. ఫోటోషాప్ మున్నగువాని నిక చందాకే యిత్తుమని వారు 2013 మే నెలలో ప్రకటించినప్పుడు, లోకమంతట చిత్రకారులును ఫోటోగ్రాఫరులును వేలకొలది సంతకములతో నిరసన తెలిపిరి. కంపెనీవారు వెనుకకు మఱలలేదు. 2024 లో అమెరికా ప్రభుత్వము వారిమీద వ్యాజ్యము వేసినది: నడుమ చందా మానుకొనువారినుండి వసూలుచేయు రుసుమును ముందుగా స్పష్టముగ చెప్పలేదనియు, మానుకొను దారిని చిక్కుముడులతో నింపిరనియు ఆ వ్యాజ్యమున నారోపింపబడినది. దీనికి సరిపోల్చి చూడుడు: అదే కంపెనీవారి పేజ్‌మేకర్ 7 అనునది 2001 నాటిది. మన ప్రాంతపు ముద్రాలయములలో పెండ్లిపత్రికలు, కరపత్రములు దానితో ఎన్నిలక్షలు అచ్చుపడినవో లెక్కలేదు. ఒక్కమాఱు కొన్న సరుకు ఇరువదియేండ్లు అన్నము పెట్టినది. అట్టి సరుకు మరల నమ్మరు. ఏల యమ్ముదురు?

ఫోనులందలి యాప్‌ల సంగతి యింకొకటి. మన సభ్యులొకరు, బంగారుపని చేయువారు, నగల తూకము, తరుగు, మజూరి, ఖాతాదారుల బాకీలు లెక్కకట్టు యాప్ నొకదానిని “జీవితకాలపు హక్కు” అను మాటను నమ్మి కొనిరి. దాని పేరు ఇచ్చట చెప్పము. అట్టివి పెక్కులున్నవి. నాలుగేండ్లు అది చక్కగ పనిచేసినది. ఒకనాటి ఉదయము క్రొత్తరూపము దానంతటదియే దిగినది. అంతట లెక్కలన్నియు తెరమీద కనబడుచున్నవి కాని, అచ్చుతీయవలెనన్నను వేఱొకచోటికి ఎత్తుకొనవలెనన్నను సంవత్సరపు చందా కట్టుమని తాళపుబొమ్మ కనబడుచున్నది. ఖాతాదారుల బాకీలన్నియు అందే యున్నవి. ఆ యింటి యిల్లాలు రాత్రులందు కూర్చుండి, తెరమీది అంకెలను ఒక్కొక్కటిగా చిట్టాపుస్తకములోనికి ఎత్తివ్రాసినది. వారడిగిన చందా పెద్దమొత్తము కాదు. ఒక నగ మజూరితో తీఱిపోవును. అయినను ఆమె కట్టనీయలేదు. “మన లెక్క మనము చూచుకొనుటకు ఇంకొకరికి కప్పమేల?” అని యామె యడిగిన ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. జీవితకాలమనగా ఎవరి జీవితకాలము? కొన్నవానిదా, యాప్‌దా, కంపెనీదా? ఈ మాటకు నిఘంటువులందు లేని యర్థము బజారులో పుట్టినది.

ఐనను అన్నిచోట్లను కొనుగోలుదారు లోడిపోలేదు. నోటబిలిటీ అను, చేతివ్రాత గుర్తుల యాప్‌వారు 2021 నవంబరులో చందాపద్ధతికి మాఱి, ముందు కొనినవారికి ఒక్కయేడు మాత్రమే పాతసౌకర్యము లుండునని ప్రకటించిరి. విద్యార్థులును ఉపాధ్యాయులును గగ్గోలు పెట్టగా, కొలదిదినములలోనే పాతవారికి వారు కొనినవన్నియు కొనసాగునని మాట మార్చుకొనిరి. జర్మనీదేశపు బి.ఎం.డబ్ల్యు. కారులవారి కథ మఱింత వింతైనది. కారులో కూర్చుండు ఆసనమును వెచ్చచేయు తీగలు కొన్ననాడే అందమర్చబడి యుండగా, వానిని పనిచేయించుటకు నెలబాడుగ యిమ్మని 2022 లో కొన్ని దేశములం దడిగిరి. లోకము నవ్వినది. 2023 లో ఆ యాసనపు బాడుగను విరమించుకొనిరి. మన చిత్తూరి యెండలో ఆసనమును వెచ్చచేయుటకు బాడుగ యడుగువాడు రాడని యూరడిల్లవచ్చును గాని, పనిముట్టుల విషయమున నా యూరట లేదు.

ఇక నెదుటిపక్షమువారి మాటనుగూడ వినవలెను. వినక తీర్పు చెప్పుట పంచాయతీ లక్షణము కాదు. సాఫ్టువేరు ఉలివంటిది కాదు. ఉలిని మన తాత కొన్నను నేడు పనిచేయును. ఫోనుల మూలవ్యవస్థ ఏటేట మాఱుచుండును. మాఱినప్పుడెల్ల యాప్‌ను సరిచేయువాడు జీతము తీసికొనకుండ పనిచేయడు. ఒక్కమాఱు మూడువందల రూపాయలు పుచ్చుకొని పదియేండ్లు సరిచేయుమనుట ధర్మమా? క్రొత్తగా కొనువారు రానినాడు నిర్మాత యింట పొయ్యి వెలుగుట యెట్లు? ఆపిల్ కంపెనీవారు 2016 లో తమ అంగడియందు అన్నితరగతుల యాప్‌లకును చందాపద్ధతి ననుమతించి, తాము పుచ్చుకొను నూటికి 30 వంతు కమీషనును, ఒక ఖాతాదారు సంవత్సరము దాటి నిలిచినచో 15 వంతునకు తగ్గించిరి. చిన్న నిర్మాతకు చందావైపు మ్రొగ్గుటకు ఇంతకంటె ప్రలోభ మేమి కావలెను? పన్నుల నిబంధనలు మాఱినప్పుడెల్ల తన్ను తాను మార్చుకొనవలసిన లెక్కల సాఫ్టువేరునకును, మన కాగితములను తమ యంత్రములలో కాపాడిపెట్టువారికిని ఏటేట సొమ్మిచ్చుట మాకు తప్పుగ తోచదు. అది నిజముగ జరుగుచున్న సేవకు వేతనము.

అయినచో గీటు ఎచ్చట గీయవలెను? దీనికి పొరుగుదేశపు శాస్త్రము లక్కఱలేదు. మన కులపు పాతలెక్కలోనే జవాబున్నది. మన తాతలు చందామీదనే బ్రదికిరి గదా! ఊరి ఆయగాండ్రలో వడ్రంగియు కమ్మరియు నుండిరి. రైతు కళ్ళము వద్ద ఏటేట వారికి మేర కొలిచెడివాడు. దానికి బదులు సంవత్సరము పొడుగున నాగలి సరిచేయుట, కఱ్ఱు కాల్చి సాగగొట్టుట, గుంటకను బాగుచేయుట, కపిల చక్రమును నిలువబెట్టుట మనవారి విధి. అది నెలకు నెల కాదు గాని నిశ్చయముగ చందాయే. కాని నాగలి ఎవరిది? రైతుది. కొయ్య యాతడు తెచ్చుకొన్నది, పని మనది, నాగలి యాతనిది. మేర కొలువని రైతు మఱుసటియేడు కఱ్ఱు పట్టుకొని కొలిమియొద్ద పొద్దుగూకువఱకు కాచుకొనవలసి వచ్చెడిది. అందఱిపని యయిన పిదపగాని కమ్మరి యాతనివంక చూచెడివాడు కాడు. అంతవఱకు న్యాయము. కాని మేర రాలేదని కమ్మరి రాత్రివేళ చేనిలోనికి పోయి నాగలి నెత్తుకొని వచ్చెనని మేమెన్నడును వినలేదు. సేవ నిలుపుట వేఱు, వస్తువును లాగుకొనుట వేఱు. నేటి చందా యీ రెంటిని కలిపివేసినది. చందా మానిననాడు మరమ్మతు ఆగుటయే గాక నాగలియే మాయమగుచున్నది, దానితో దున్నిన చాలుగూడ మాయమగుచున్నది.

చందా యను మాటకు మనకు పూర్వము తెలిసిన యర్థము పత్రికచందా. ఏటికి సొమ్ము కట్టుదుము, సంచికలు వచ్చును. మఱుసటియేడు కట్టలేదని పోస్టుజవాను వచ్చి అటకమీది పాతసంచికలను మూటగట్టుకొని పోయెనా? లేదు. కనుక ఈ క్రొత్తపద్ధతిని చందా యనుట ఆ మంచిమాట నపహరించుట. మన ప్రాంతపు మాటలో ఇది బాడుగ. ఇల్లు బాడుగకిచ్చువాడు ఇది బాడుగయిల్లని ముందే చెప్పును. అమ్మినట్లు పత్రము వ్రాసి, గృహప్రవేశమైన నాలుగేండ్లకు వచ్చి బాడుగ యిమ్మనడు.

ఈ జిల్లావారికి నేలవిషయమున ఇట్టి పోరాటము తెలియనిది కాదు. కార్వేటినగరము, కాళహస్తి, పుంగనూరు జమీందారీల క్రింద దున్నిన రైతులు తమ చేలో తమకు స్థిరమైన హక్కు కలదని చెప్పించుకొనుటకు 1908 నాటి మదరాసు ఎస్టేట్సు లాండు చట్టము వఱకును, జమీందారీలే పోవుటకు 1948 నాటి చట్టము వఱకును వేచియుండిరి. సాఫ్టువేరుల విషయమున కొన్నవాడు నేటికిని 1908 కి ముందటి రైతువంటివాడే. దున్నుచున్నంతకాలము చేను తనదే యనిపించును. కాగితము చూచిననాడు కాదని తెలియును.

చట్టమునందుగూడ ఒక చమత్కారము కలదు. 2004 నవంబరులో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడిచిన వ్యాజ్యమున, బజారులో అందఱకు నొకేతీరున అమ్ము సాఫ్టువేరు ‘సరుకే’ యనియు, దానిపై అమ్మకపుపన్ను చెల్లుననియు సుప్రీముకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. 2021 మార్చిలో వేఱొక వ్యాజ్యమున ఆ కోర్టే, విదేశీ సాఫ్టువేరుకై మనవారు చెల్లించు సొమ్ము కాపీరైటునకు ప్రతిఫలము కాదనియు, కాపీరైటు గల వస్తువు వెల మాత్రమే యనియు తేల్చినది. పుస్తకము కొన్నవానికి గ్రంథకర్త హక్కు రాదు గాని పుస్తకము వచ్చును గదా, అట్లే. ఈ తీర్పులు పన్నుల తగవులకు సంబంధించినవి. కొన్నవానికిని కంపెనీకిని నడుమ తగవును ఇవి తీర్చవు. అయినను పన్ను పుచ్చుకొనునప్పుడు సరుకైనది, కొన్నవాడు నాదనునప్పుడు ‘అనుమతి’ మాత్రమే యగుట యెట్లని అడుగుటకు మనకు ఆధారము కలదు.

సభలో స్త్రీలును వృద్ధులును పెక్కుమంది యున్నారు గనుక డబ్బుపోక సంగతి కొంత చెప్పవలెను. ‘ఏడుదినములు ఉచితము’ అను బోర్డును చూచి కార్డు సంఖ్య యిచ్చినచో, ఎనిమిదవదినమున సొమ్ము దానంతటదియే పోవుట మీ పిల్లలకు తెలిసినదే. దీనికి రిజర్వు బ్యాంకువారు 2021 అక్టోబరునుండి కట్టుబాటు పెట్టిరి. కార్డునుండి మాటిమాటికి పోవు చెల్లింపునకు మొదట మన సమ్మతి ప్రత్యేకముగ కావలెను, ప్రతిమాఱును 24 గంటల ముందు మనకు వర్తమానము పంపవలెను. బ్యాంకునుండి యట్టి వర్తమానము వచ్చినప్పుడు చదువక త్రోసివేయకుడు. వలదనుకొన్నచో ఆ సమ్మతిని బ్యాంకువద్దనే రద్దుచేసికొను దారి యున్నది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థవారు వలపన్ను విధానములు 13 ఇవి యని పేర్కొని నిషేధించిరి. చందాలో చేర్చుకొనుట సులభముగను మానుట దుర్లభముగను చేయుట అందొకటి. 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. దానికి లొంగనిచో 2019 నాటి చట్టము ననుసరించి జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. చెల్లించిన వెల ఐదులక్షలలోపైనచో దానికి రుసుము లేదు. కొన్ననాటి రసీదును, ‘జీవితకాల’మని వ్రాసిన పుటయొక్క ఛాయను దాచుకొన్నవారి మాటకే యచ్చట బలముండును. మన పెద్దలు ప్రామిసరీనోటును దాచినంత శ్రద్ధతో వానిని దాచుడు.

ఒక సంగతి చెప్పక తప్పదు. బాడుగల బాధ పడలేక, తాళము విఱిచిన దొంగప్రతులను పెట్టుకొని పనిచేయుచున్నవారు మనలో నున్నారు. వీధిచివర దుకాణములో వందరూపాయలకు దొరకుచున్నదని తెచ్చుకొందురు. మోసమునకు మోసమే మందని వారి వాదము. మేము దాని నొప్పుకొనజాలము. కాపీరైటు చట్టము 63-బి నిబంధన ననుసరించి, దొంగప్రతి యని తెలిసియు వాడినచో కనీసము ఏడుదినములు మొదలు మూడేండ్ల వఱకు చెఱయు, ఏబదివేలు మొదలు రెండులక్షల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. చట్టముమాట యటుంచి, తాళము విఱిచినవాడు దానితోపాటు ఏ పురుగును లోపల వదలునో తెలియదు. పండుగముందర కంప్యూటరు చచ్చి, ఒప్పుకొన్న తలుపులన్నియు నిలిచిపోయినచో ఎవరిమీద ఫిర్యాదు చేయుదుము? అంతకంటె ముఖ్యమేమనగా, కంసాలి వీధిలో మనము తీర్చిన నమూనాను పొరుగూరివాడు దొంగిలించి పోతపోసినప్పుడు మనమే గదా గగ్గోలు పెట్టువారము!

దొంగదారి లేకయే బయటపడు దారు లున్నవి. ఆభరణముల నమూనాలకు వాడు రైనో అను సాఫ్టువేరు నేటికిని ఒక్కమాఱు కొను పద్ధతినే దొరకుచున్నది. వెల హెచ్చే, కాని కొన్నది కొన్నట్లే యుండును. కొన్ని పనిముట్టులు పూర్తిగ స్వేచ్ఛగలవి. యంత్రభాగములకును కొలతలపనికిని ఫ్రీక్యాడ్ కలదు, దాని 1.0 సంఖ్యగల రూపము 2024 నవంబరులో వెలువడినది. గీతలకు ఇంక్‌స్కేప్ కలదు. వ్రాతకోతలకు లిబ్రెఆఫీసు కలదు. ఉబ్బెత్తు రూపములు తీర్చుటకు బ్లెండర్ అనునది కలదు. దీని పుట్టుక మనవంటి సంఘములు వినదగినది. దానిని నిర్మించిన నెదర్లాండ్సు దేశపు కంపెనీ మూతపడగా, సాఫ్టువేరు మదుపుదారుల చేతిలో చిక్కియుండెను. లక్ష యూరోలిచ్చినచో లోకమునకు విడిచిపెట్టుదుమని వారనిరి. 2002 లో నిర్మాతయైన టోన్ రోసెండాల్ చందాపట్టిక తెఱచెను. ఏడువారములలో లోకమంతటనుండి వాడుకదారులే ఆ మొత్తమును పోగుచేసిరి. ఆ యేడు అక్టోబరునుండి బ్లెండర్ అందఱిసొత్తు. ఎవరును దానిని మరల బాడుగకు మార్చజాలరు. ఇదియు చందాయే! ఒక్కమాఱు కట్టిరి, శాశ్వతముగ విడిపించిరి.

స్వేచ్ఛాపనిముట్టులతో నన్నియు సులభమని మేము చెప్పుట లేదు. ఆర్ట్‌క్యాములో చేయి తిరిగినవాడు బ్లెండరునకు మాఱవలెనన్న నెలలు పట్టును, ఆ నెలలలో ఇల్లు గడువవలెను. కొన్నిపనులకు బాడుగ సాఫ్టువేరే మేలైనది. పని యెక్కువ దొరకు నెలలలో బాడుగకట్టి తక్కిన నెలలలో మానుకొనువానికి లాభమే. అట్టివాని నెవరును తప్పుపట్టరు. ఎవరు ఏ పనిముట్టు వాడినను మేము కోరునది యొక్కటే: ముగిసిన ప్రతి నమూనాను ఆ సాఫ్టువేరు సొంతలిపిలోనే గాక, అందఱును చదువగల డి.ఎక్స్.ఎఫ్., ఎస్.టి.ఎల్. వంటి రూపములలోగూడ ఎత్తి, వేఱొక పెట్టెలో భద్రపఱచుకొనుడు. లెక్కలను ప్రతినెలయు అచ్చుతీసి యుంచుడు. కంపెనీ మునిగినను, బాడుగ పెరిగినను, మీ పని మీయింటనే యుండును.

ఈ సాయంకాలము విషయనిర్ణయసంఘమువారి ముందర మేము పెట్టబోవు తీర్మానపు పాఠము కార్యదర్శిగారికి నిచ్చియున్నాము. విద్యార్థి వసతిగృహమున రాత్రివేళ ఖాళీగ నుండు గదిలో నాలుగు కంప్యూటరులు పెట్టి, బ్లెండర్, ఫ్రీక్యాడ్ నేర్పుటకు వారమునకు రెండు తరగతులు నడుపవలెను. సి.ఎన్.సి. పని తెలిసిన యువకులిద్దఱు ఒకయేడు వేతనము లేక నేర్పెదమని ముందుకు వచ్చియున్నారు. కంప్యూటరుల వెలకు పోషకులనుండి ఒక్కమాఱు విరాళము వసూలుచేయవలెను గాని నెలచందా పెట్టరాదు. చిత్తూరు, తిరుపతి, పుత్తూరు, పలమనేరు శాఖలలో ఒక్కొక్కరు చొప్పున, 1915 నకు ఫిర్యాదు వ్రాయుటలో సభ్యులకు తోడ్పడువారిని నియమింపవలెను. ఆ బంగారుపని సోదరుని ఫిర్యాదును మొదటిదిగ స్వీకరింపవలెను. చేతివ్రాతతో నున్న ఆ చిట్టాపుస్తకమును, కొన్ననాటి రసీదును వారు వెంట తెచ్చియున్నారు. చూడగోరువారు ఆహ్వానసంఘము బల్లయొద్ద చూడవచ్చును.